విజిల్ వేసేదాకా

ఆ అబ్బాయిల హైస్కూల్లో సాయంత్రం ఆరింటికి చర్చి గంట మోగేది. మోగగానే బడి మొత్తం ఎక్కడిది అక్కడ ఆగిపోవాలి. అప్పటికే సాయంత్రం చదువులూ ఆటలూ ముగించుకుని తరగతులవారీగా మైదానం అంచున వరసలు కట్టిన పిల్లలు చర్చి వైపు తిరిగి కళ్ళు మూసుకునేవారు. మెట్ల మీద ఫాదర్లు, టీచర్లు మరో వరస. వంటగదిలో వంటమనిషి గరిటె గిన్నెలోనే వదిలేసి నిలబడేవాడు. చివరి గంట పడేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. తెరిస్తే దేవుడికి కోపం వస్తుందని చిన్న తరగతులవాళ్ళకి చెప్పేవారు. పెద్ద తరగతులవాళ్ళకి బెత్తం చూపించేవారు.

మంచి బడి అని పేరు. అక్కడ చదివి పరీక్ష తప్పినవాడు లేడని, పరుగుపందెంలో ఓడినవాడు లేడని జనం చెప్పుకునేవారు. ప్రిన్సిపాల్ గది బయట అద్దాల బీరువాలో కప్పులు కిక్కిరిసి ఉండేవి. కొత్తది వస్తే పాతదాన్ని వెనక్కి తోసేవారు. సీటు కోసం వచ్చిన తల్లిదండ్రుల్ని సరిగ్గా ఆ బీరువా ఎదురుగా కూర్చోబెట్టేవారు. దాన్ని చూసి చూసి వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి మెత్తబడిపోయేవారు. పెద్దోడి అమ్మ కూడా అలాగే మెత్తబడి ఇద్దరు కొడుకుల్నీ అక్కడ చేర్చింది.

పెద్దోడు పదో తరగతి. చిన్నోడు తొమ్మిది. ఇంట్లో పిలుపే బడిలోనూ అతుక్కుపోయింది. ఇద్దరూ రిలే జట్టులో ఉండేవారు. మూడో పరుగు చిన్నోడిది, ఆఖరి పరుగు పెద్దోడిది. చిన్నోడి బూట్లు పెద్దోడు తొడిగి విడిచినవే. కాస్త వదులు కావడం వల్ల పరిగెత్తినప్పుడు కుడి మడమ దగ్గర కొట్టుకునేవి. టప్... టపక్. టప్... టపక్. "గుర్రబ్బండి వస్తోంది, తప్పుకోండ్రోయ్!" అని పిల్లలు ఏడిపించేవారు. చిన్నోడు ఏడ్చే రకం కాదు. ఇంకాస్త గట్టిగా టపటపలాడించి నవ్వేవాడు.

జరిగింది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒక రోజు లెక్కల మాస్టారు, తప్పు చేసిన లెక్క మళ్ళీ చేసి వెళ్ళమని చిన్నోణ్ణి తరగతిలో ఆపేశాడు. వాడు ప్రాక్టీసుకి ఆలస్యంగా వచ్చాడు. ఎందుకు ఆలస్యమైందని డ్రిల్లు మాస్టారు అడగలేదు. అడిగే అలవాటు ఆయనకి లేదు.

"పరిగెత్తు. నేను విజిల్ వేసేదాకా ఆగావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నాడు.

ఆయన శిక్షకి అదే చట్టం. ప్రార్థన గంట మోగినా శిక్ష పరుగు మాత్రం ఆగేది కాదు. "దేవుడి గంట దేవుడిది, నా విజిలు నాది" అని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాటకి ఫాదర్లు నవ్వేవారు. కప్పులు తెచ్చేవాడు ఏమన్నా నవ్వొస్తుంది కాబోలు.

చిన్నోడు మైదానం చుట్టూ చాలాసేపు పరిగెత్తాడు. మధ్యలో మాస్టారి ముందు నుంచి పోతూ, "సార్, ఛాతీ పట్టేస్తోంది సార్" అన్నాడు. "నాటకాలాడకు" అన్నాడు మాస్టారు. వరసలో నిలబడ్డ పెద్దోడు రెండు మాటలూ విన్నాడు. నోరు తెరిచేలోపు గంట మోగింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. పెద్దోడి కళ్ళూ వాటంతట అవే మూతపడ్డాయి, అన్నేళ్ళ అలవాటు మరి. టప్... టపక్ అంటూ తమ్ముడు అవతలి మలుపు దాకా వెళ్ళడం విన్నాడు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. చివరి గంట పడి కళ్ళు తెరిచేసరికి చిన్నోడు మలుపులో పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు, పక్కలో పడుకున్నట్టే. మాస్టారి విజిలు ఆయన చేతిలోనే ఉంది.

పుట్టుకతోనే గుండె బలహీనమట. బడివాళ్ళు అదే చెప్పారు. చర్చిలో పెద్ద పూజ పెట్టారు. కొవ్వొత్తులు, పాటలు, తెల్లటి పూలు. దేవుడు మంచివాళ్ళని తొందరగా పిలుచుకుంటాడని ప్రిన్సిపాల్ ఫాదర్ ప్రసంగించాడు. పిలిచింది దేవుడు కాదు, తరిమింది డ్రిల్లు మాస్టారు అన్న మాట పెద్దోడి గొంతు దాకా వచ్చింది. అమ్మ చెయ్యి తన భుజం మీద పడింది. మాట మింగేశాడు. మింగినప్పటి నుంచీ అన్నం సయించలేదు, పాఠం బుర్రకెక్కలేదు. పెద్దోడు ఎదురొస్తే లెక్కల మాస్టారు చూపు తప్పించి పక్క వరండాలోకి తిరిగిపోయేవాడు. సమాధి మీద మట్టి ఆరకముందే మూడో పరుగుకి ఇంకో కుర్రాణ్ణి పెట్టారు.

సంతాపం సెలవులయ్యాక బడి మళ్ళీ తెరిచిన మొదటి సాయంత్రం ఆరింటికి గంట మోగింది. పెద్దోడు కళ్ళు మూసుకున్నాడు. ఎండకి కాగి అప్పుడే చల్లబడుతున్న మట్టి వాసన. మైదానంలో గీతలు గీసిన తడి సున్నం వాసన. చర్చి తలుపుల్లోంచి కరిగిన మైనం వాసన. గాలి లేదు. ఆకు కదల్లేదు. అన్ని వందలమంది నిలబడ్డచోట ఒక్కడూ దగ్గలేదు. అప్పుడు అవతలి మలుపులో మొదలైంది.

టప్... టపక్.

టప్... టపక్.

దగ్గరికి వచ్చింది. వరసల ముందు నుంచి పోయింది. మళ్ళీ దూరమైంది. చివరి గంట పడగానే వినపడ్డం మానేసింది. కళ్ళు తెరిస్తే మైదానం ఖాళీ.

పక్కన నిలబడ్డవాడు పెద్దోడి స్నేహితుడు. కళ్ళజోడు మందం చూసి వాడికి సోడాబుడ్డి అని పేరు పెట్టారు. వాడి పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"విన్నావా?" అడిగాడు పెద్దోడు.

"ఏం వినలేదు."

"ఒట్టు?"

"ఏం వినలేదన్నాను కదరా! రేపు కూడా వినను" అంటూ సోడాబుడ్డి సంచీ భుజాన వేసుకుని గేటు వైపు దాదాపు పరిగెత్తాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అందరూ విన్నారు. ఆరో తరగతి పిల్లాడొకడు వరసలోనే నిక్కరు తడుపుకున్నాడు. వాణ్ణి తిట్టారే గానీ ఎందుకు తడుపుకున్నావని ఎవరూ అడగలేదు. అంతవరకూ మనసులో చేసుకునే ప్రార్థనని టీచర్లు పైకి చదవడం మొదలుపెట్టారు, ఆ చప్పుడు మునిగిపోవాలని. రోజురోజుకీ గొంతులు పెంచారు. రెప్ప మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. పెద్దోడికి భయం కన్నా కోపమే ఎక్కువ వేసింది. కళ్ళు మూసుకుని ఒకసారి చంపారు. ఇప్పుడు కళ్ళు మూసుకుని రోజూ పరిగెత్తిస్తున్నారు. వీళ్ళ భక్తి తగలెయ్య!

చిన్నోడి బూట్లు ఇంట్లో అమ్మ మంచం కింద ఉండేవి. ఆసుపత్రివాళ్ళు సంచిలో పెట్టి ఇచ్చారు. ఒకరోజు పెద్దోడు బడి నుంచి వచ్చేసరికి అమ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తోంది.

"నిన్నేగా తుడిచావమ్మా."

"సున్నం అంటుతోందిరా. పొద్దున శుభ్రం చేసి పెడతానా, సాయంత్రానికి మళ్ళీ అంటుతోంది." అమ్మ తలెత్తి నవ్వింది. చిన్నోడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. "వాడింకా ఆడుకుంటున్నాడేమోరా పెద్దోడా. ఆడుకోనీ. అక్కడ తిట్టేవాళ్ళు ఉండరుగా."

పెద్దోడు పెరట్లోకి వెళ్ళి గోడని పిడికిలితో గుద్దాడు. చర్మం లేచిపోయింది. ఆడుకోవట్లేదమ్మా, వాణ్ణింకా పరిగెత్తిస్తున్నారమ్మా అని ఏ నోటితో చెప్పాలి? వేరే బడికి మారిపొమ్మని అమ్మ అంతకుముందే చెప్పి చూసింది. తను మారితే చిన్నోణ్ణి ఆ మైదానంలో ఒంటరిగా వదిలేసినట్టే.

మర్నాడు గంట మోగింది. పెద్దోడు కళ్ళు మూసుకోలేదు.

ముందుగా కనిపించింది మనుషులు. వందల మొహాలు, వందల మూసిన కళ్ళు. డ్రిల్లు మాస్టారు ఎంత గట్టిగా మూసుకున్నాడంటే బుగ్గలు పైకి ముడుచుకుపోయాయి. అవతలి మలుపులో ఎవరూ లేరు. కానీ దుమ్ము లేచింది. కాస్త. దాని ముందు ఇంకాస్త. అప్పుడే గీసిన సున్నం గీత మీద బూటు అచ్చు పడింది. దాని ముందు మరొకటి. మనిషి లేడు... అచ్చులు వస్తున్నాయి.

టప్... టపక్.

ఇంకా దగ్గరికి... చెమట వాసన. అది చిన్నోడి చెమటే. ఒకే దుప్పటి కింద పడుకున్నవాడికి తెలియదా? వేడి ఊపిరి చెవికి తగిలింది.

"అన్నా... ఇంకా వెయ్యలేదా?"

అంతే. ముందుకి వెళ్ళిపోయింది. నిలబడి మాట్లాడలేదు. ఆగకూడదు కదా.

చివరి గంట పడీ పడగానే పెద్దోడు ప్రిన్సిపాల్ ఫాదర్ గదికి వెళ్ళాడు. తలుపు కొట్టలేదు. ఫాదర్ అప్పుడే కుర్చీలో కూలబడి నీళ్ళగ్లాసు అందుకుంటున్నాడు.

"కూర్చో నాయనా."

"కూర్చోను. మాస్టారితో విజిల్ వేయించండి."

ఏ విజిలని ఫాదర్ అడగలేదు. అది పెద్దోడు గమనించాడు.

"నీ బాధ నాకు తెలుసు. కానీ క్షమించడం నేర్చుకోవాలి బాబూ."

"ఎవరూ ఏం చెయ్యలేదన్నారుగా ఫాదర్? మరి నేనెవర్ని క్షమించాలి?"

ఫాదర్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. నీళ్ళు తొణికాయి. "వాడి ఆత్మశాంతి కోసం రోజూ ప్రార్థిస్తూనే ఉన్నాం."

"కళ్ళు మూసుకునేగా?"

ఫాదర్ గొంతు తగ్గించి, "నేనూ అడిగాను. ఆయన ఒప్పుకోవట్లేదు" అన్నాడు.

"మీరు ప్రిన్సిపాలు. అడగడమేమిటి, చెప్పండి."

"వచ్చే వారం పోటీలున్నాయి నాయనా, ఈ సమయంలో ఆయన్ని..." అని ఆగిపోయాడు. నోట్లోంచి ఏం వచ్చిందో ఆయనకే అప్పుడు వినిపించినట్టుంది. పెద్దోడు ఆయన్ని కిందికీ పైకీ చూసి, తలుపు దభాలున వేసి బయటికొచ్చాడు. బయట బీరువాలో కప్పులు గడగడమన్నాయి. ఒక్క రాయి దొరికితే చాలుననిపించింది.

రాయి కన్నా పనికొచ్చేది తన దగ్గరే ఉందని ఆ రాత్రి పడుకున్నాక తట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఆటసామాన్ల గదికి వెళ్ళాడు. చాపల కంపు, పాత తోలు బంతుల వాసన. డ్రిల్లు మాస్టారు ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఆయన మెడలో వేలాడే విజిలు చిన్నోడు పోయిన రోజు నుంచీ లేదు. ప్రాక్టీసులో చప్పట్లు కొట్టి నెట్టుకొస్తున్నాడు.

"సార్, గంట మోగినప్పుడు ఒక్కసారి విజిల్ వెయ్యండి. వాడు మీ మాట మీదే పరిగెడుతున్నాడు."

"పోరా. గాలి చప్పుడది."

"గాలి బూట్లు వేసుకోదు సార్."

మాస్టారు లేచి చెయ్యెత్తాడు. పెద్దోడు తప్పుకోలేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"వేస్తే ఏమవుతుందో తెలుసా? నేనే పరిగెత్తించి చంపానని అందరి ముందూ ఒప్పుకున్నట్టు."

"ఒప్పుకోండి."

"చెప్పడానికి నువ్వెవడివిరా?"

"ఆఖరి పరుగు నాది. మీరు విజిల్ వెయ్యకపోతే నేను పోటీకి రాను. నేను రాకపోతే కప్పు రాదు. ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు."

మాస్టారు కళ్ళార్పకుండా చూశాడు. దవడ అటూ ఇటూ కదిలింది. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి ఆ గది మూలనున్న బీరువా తెరిచాడు. పిల్లాడి ప్రాణం పోతున్నా కదలని చెయ్యి కప్పు పోతుందంటే కదిలింది. ఆ మొహాన కాండ్రించి ఉమ్మాలనిపించింది పెద్దోడికి. పని కావాలి కాబట్టి ఊరుకున్నాడు.

"ఒక్కసారే. మళ్ళీ ఈ ఊసెత్తావో..." అన్నాడు మాస్టారు, విజిలు పిడికిట్లో దాచుకుంటూ.

ఆ సాయంత్రం వరసల్లో కలవకుండా ఇద్దరూ పరుగు గీత పక్కన నిలబడ్డారు. అలా ఎందుకు నిలబడ్డారని ఎవరూ అడగలేదు. మబ్బు పట్టి వెలుతురు ముందే తగ్గిపోయింది. గంట మోగింది. వెనక వందల కళ్ళు మూతపడ్డాయి. ఆ రోజు ఎందుకో ప్రార్థన పైకి చదవలేదు ఎవరూ.

టప్... టపక్.

"సార్, కళ్ళు తెరవండి."

మాస్టారు తెరిచాడు. అవతలి మలుపులో దుమ్ము లేస్తోంది. తెల్లటి గీత మీద అచ్చు తర్వాత అచ్చు. ఆయన గొంతులోంచి సన్నటి మూలుగు వచ్చింది. విజిలు నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళు దాని మీద టకటకా కొట్టుకున్నాయి.

దగ్గరికి వస్తోంది...

"వెయ్యండి సార్."

గాలి మాత్రమే వచ్చింది. చప్పుడు లేదు.

ఇంకా దగ్గరికి...

"వెయ్యండి! మా తమ్ముడు సార్ వాడు! వెయ్యండి!"

విజిల్ మోగింది. చర్చి గోడకి కొట్టుకుని మైదానమంతా తిరిగింది. అంత చప్పుడుకీ వరసల్లో ఒక్కడూ కళ్ళు తెరవలేదు.

అడుగులు ఆగాయి. సరిగ్గా వాళ్ళిద్దరి ముందు. ఎగశ్వాస వినిపించింది. ఒగర్పు... ఒగర్పు... మెల్లగా కాస్త నెమ్మదించింది.

"చాల్లేరా చిన్నోడా" అన్నాడు పెద్దోడు. ఏడుపు ఆగలేదు. "అయిపోయింది. ఇంక పరిగెత్తక్కర్లేదు. పో, నీ వరసలోకి పో."

టప్... టపక్. ఈసారి నడక. అచ్చులు గీత దాటి గడ్డి మీదికి వెళ్ళాయి. తొమ్మిదో తరగతి వరసలో ఒక కుర్రాడు, కళ్ళు మూసుకునే, ఒకడుగు పక్కకి జరిగాడు. ఆలస్యంగా వచ్చినవాడికి చోటిచ్చినట్టు. ఆ చోటు దగ్గర చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు అవతలి మలుపులో ఇంకెవరో ఆగారు.

అంతసేపూ చిన్నోడి బూట్ల చప్పుడు కింద వినపడని అడుగులు. ఆగినప్పుడు తెలిసింది. తర్వాత గోడవైపు ఇంకొకరు... మేకుల బూట్లు. గోల్‌పోస్టు దగ్గర ఇంకొకరు... వట్టి కాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు. మైదానం చుట్టూ... ఒగర్పులు. సన్నవి. బొంగురువి. దగ్గుతో కలిసినవి.

"వీళ్ళెవరు?" మాస్టారి గొంతు పీలగా ఉంది. "నేను కాదు... వీళ్ళని నేను కాదు. నేను పరిగెత్తించి చంపింది వాడొక్కణ్ణే!"

పెద్దోడు మెట్ల వైపు చూశాడు. ప్రిన్సిపాల్ ఫాదర్ కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి. అది ప్రార్థన కాదు. పేర్లు. ఒకదాని తర్వాత ఒకటి, తడుముకోకుండా. పెద్దోడు ఎన్నడూ వినని పేర్లు, అంతకుముందు ఇలాగే పోయినవాళ్ళవి కాబోలు.

అడుగులు నడవడం మొదలుపెట్టాయి. అన్ని వైపుల నుంచీ. ఆరో తరగతి వరస ఒకచోట విడిపోయింది. ఏడో తరగతిలో రెండు చోట్ల. ఎనిమిదిలో... పదిలో... సోడాబుడ్డి కళ్ళు బిగించుకునే పక్కకి జరిగాడు. మెట్ల మీద టీచర్ల వరసలో కూడా ఒక ఖాళీ తెరుచుకుంది. ఎవరూ ఎవర్నీ తగల్లేదు. అందరికీ చోటు దొరికింది. చివరి గంట ఇంకా పడలేదు.

ఆ వట్టి కాళ్ళ అడుగులు మాత్రం వరసల్లోకి వెళ్ళలేదు. గీత వెంట నింపాదిగా నడిచి వచ్చాయి. బరువుగా. వాళ్ళిద్దరి దగ్గర ఆగాయి. మాస్టారు తనకి తెలియకుండానే ఒకడుగు పక్కకి జరిగాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ.

పెద్దోడు అటు చూడలేదు. చూడాలనుకున్నాడు, మెడ తిరగలేదు. ఒక చెయ్యి వచ్చి అతని చేతిని పట్టుకుంది. చల్లగా లేదు. పరుగు వేడి ఇంకా ఆరలేదు.

"చిన్నోడా?" అన్నాడు గుసగుసగా.

చిన్నోడి చెయ్యి ఎప్పుడు పట్టుకున్నా తన చేతిలో ఇమిడిపోయేది. ఈ చేతిలో తన చెయ్యే ఇమిడిపోయింది.